బండి మంచిదే, మరి ఈ ఇబ్బందులెందుకు? మిడ్‌సైజ్ ఎస్‌యూవీ ఓనర్లకు సమస్య - పరిష్కారం

"క్రెటా తీసుకోమంటారా, సెల్టోస్ తీసుకోమంటారా?" అని అడిగినవాళ్ళని నేను ముందు ఒకటే అడుగుతాను: రోజూ ఎక్కడి నుంచి ఎక్కడికి తిరుగుతారు? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ సైజు బండ్లు కొన్న చుట్టాలు, స్నేహితులు తమ గోడు నాతో చెప్పుకుంటూ ఉంటారు. అందులో చాలా మటుకు బండి లోపాలు కావు. పక్కింటాయన తిరుగుడికి సరిపోయే ఇంజిన్ మనింటికి రావడం వల్ల వచ్చినవి. కొన్నయితే బండి ఇంటికి రాకముందే, కాగితాల దగ్గరే మొదలైనవి. అందుకే కొన్నవాళ్ళకీ కొనబోయేవాళ్ళకీ కలిపి రాస్తున్నాను.

"శ్రీకాకుళంలో ఒక రేటు, వైజాగ్‌లో ఒక రేటు. ఎవర్ని నమ్మాలి?"

ఒకే మోడల్, ఒకే వేరియంట్, ఒకే రంగు. అన్నీ కలిపిన ఆన్-రోడ్ ధర మాత్రం రెండు షోరూముల్లో వేల రూపాయల తేడా. బండి ఎక్స్-షోరూం ధర (రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) దాదాపు ఎక్కడైనా ఒకటే. లైఫ్ టాక్స్ కూడా రాష్ట్రమంతా ఒకటే కాబట్టి అక్కడ తేడా రాదు. తేడా అంతా ఇన్సూరెన్స్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, 'హ్యాండ్లింగ్ ఛార్జీలు' అనే నాలుగు వరుసల్లో ఉంటుంది.

కొటేషన్‌ని వరుస వరుసగా విడగొట్టి, కాగితం మీద రాసిమ్మనండి. నోటి లెక్క వద్దు. హ్యాండ్లింగ్ అని ఉంటే అది దేనికో అడగండి. గట్టిగా అడిగినవాళ్ళకి ఆ వరుస మాయమవడం నేను చాలాసార్లు చూశాను. ఇన్సూరెన్స్ షోరూంలోనే చేయించుకోవాలన్న నిబంధన లేదు. బయట ఏ కంపెనీ దగ్గరైనా అదే కవరేజీకి రేటు తెచ్చి పక్కన పెట్టండి. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారుకి థర్డ్ పార్టీ మూడేళ్ళకి కట్టడం తప్పనిసరి, అది ఎక్కడైనా ఒకటే. బేరం ఆడగలిగేది మిగతా భాగంలోనే. ఆ భాగంలో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ మాత్రం తీసేయకండి. నాగావళి, వంశధార పొంగితే, తుపాను వానకి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే, ఇంజిన్‌లోకి నీరు పోయిన నష్టానికి మామూలు పాలసీ సాధారణంగా పనికిరాదు.

ఎక్స్-షోరూం పది లక్షలు దాటిన బండికి ఒక శాతం టీసీఎస్ అని వేస్తారు. పదహారు లక్షల బండికి పదహారు వేలు. ఇది చూసి గొడవ పడేవాళ్ళున్నారు. అది మీ పాన్ మీద జమయ్యే పన్ను. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో మీ పన్ను జమల పట్టీలో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటో రీఫండో అవుతుంది. పాన్ నంబర్ సరిగ్గా పడిందో లేదో చూసుకుంటే చాలు.

ఇంకో లెక్క కూడా కుదరదు: "మా బావ 2024లో కొన్న రేటుకి, ఇప్పుడు చెబుతున్న రేటుకి పొంతన లేదు." 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్సు తీసేసి ఈ తరహా బండ్లకి 40 శాతం జీఎస్టీ పెట్టారు. అంతకుముందు 1500 సీసీ లోపు ఇంజిన్ ఉండి, హైబ్రిడ్ కానివాటికి అన్నీ కలిపి 45 శాతం పడేది. పాత బిల్లుతో పోల్చుకుంటే తికమక తప్పదు.

ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్ళకి ఒక మాట. బరంపురం దగ్గర కదా, ఒడిశాలో కొంటే టాక్స్ కలిసొస్తుందని కొందరు ఆశ పెడతారు. బండి పన్నెండు నెలలకి మించి ఆంధ్రాలో ఉంటే ఇక్కడికి రిజిస్ట్రేషన్ మార్చాలి, ఒడిశా ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడి లైఫ్ టాక్స్ కట్టాలి. సర్వీసుకి బరంపురం వెళ్ళండి, అది నిజంగా సుఖం. బిల్లు మాత్రం మన రాష్ట్రంలోనే చేయించండి.

"కొత్త బండే, ఆర్‌సీలో మాత్రం పాత సంవత్సరం ఉంది"

స్టాకులో నెలల తరబడి నిలబడ్డ బండిని మీకు అంటగట్టారన్నమాట. రిజిస్ట్రేషన్ అయిపోయాక దీనికి మందు లేదు. అందుకే పూర్తి డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబర్ అడిగి తీసుకోండి. ఆ బండినే యార్డులో పగటి వెలుతురులో చూడండి. తయారైన నెల, సంవత్సరం రాతలో అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి: 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ, స్టెప్నీ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒక్క టైరే వేరే తేదీ చూపిస్తే ఎందుకో అడగాలి. ముహూర్తం దాటిపోతోందని రాత్రిపూట లైట్ల కింద డెలివరీ తీసుకోకండి. పెయింట్ మీద గీతలు, తలుపుల మధ్య సందు తేడాలు ఆ వెలుతురులో కనబడవు.

"ఇరవై ఏడు ఇస్తాదన్నారు, ఇరవై కూడా రాట్లేదు బాబూ"

ఇది మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తోపాటు కరెంటు మోటారూ ఉండే రకం) కొన్న పెద్దవాళ్ళ నోట ఎక్కువ వింటాను. కంపెనీ చెప్పేది లీటరుకి 27.97 కిలోమీటర్లు. క్రెటా డీజిల్ ఆటోమేటిక్‌కి 19.1, హోండా ఎలివేట్ సీవీటీ ఆటోమేటిక్‌కి 16.92. ఈ అంకెలన్నీ రోలర్ల మీద, ఏసీ ఆపి, గంటకి 90 దాటకుండా చేసిన పరీక్షవి. ఏప్రిల్ ఎండలో ఏసీ నాలుగు మీద పెట్టి, ఐదుగురితో వెళ్ళే బండికి అంత రాదు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది.

అయితే హైబ్రిడ్ సంగతిలో అసలు కారణం వేరే ఉంది. ఈ బండి పొదుపంతా ఊళ్ళో ఆగుతూ, కదులుతూ వెళ్ళేటప్పుడే. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది, మెల్లగా పోయేటప్పుడు ఇంజిన్ ఆగి మోటారు లాగుతుంది. విజయనగరం గంటస్తంభం చుట్టూ తిరిగే డాక్టరుగారికి అద్భుతమైన మైలేజీ వస్తుంది. ప్రతి వారం హైవే మీద నూటపది వేగంతో వైజాగ్ వెళ్ళొచ్చే ఉద్యోగికి ఆ లాభంలో పెద్ద భాగం పోతుంది. తేడా బండిలో లేదు, ఇద్దరి దారుల్లో ఉంది.

ముందు నిజంగా ఎంత వస్తోందో కొలవండి. మీటరు స్క్రీన్ మీద అంకె నమ్మకండి. బంకులో నాజిల్ మొదటిసారి టక్కున ఆగేదాకా కొట్టించి ట్రిప్ సున్నా చేయండి. మూడు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, మొదటి టక్కు దాకా మళ్ళీ కొట్టించి భాగించండి. హైవేలో తొంభై దగ్గర నిలకడగా పోయి చూస్తే అంకె మారడం మీకే కనిపిస్తుంది. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించండి.

హైబ్రిడ్‌లో బ్యాటరీ డిక్కీ కింద చోటు తింటుంది. సంక్రాంతికి ఊరెళ్తూ రెండు సూట్‌కేసులు, బియ్యం బస్తా పెట్టబోయి ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళేటప్పుడు మీ పెద్ద సూట్‌కేసు తీసుకెళ్ళండి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మనీ తీసుకెళ్ళండి. ఎక్కి, దిగి, వెనక సీట్లో కాసేపు కూర్చుంటే ఏ బండి ఆవిడకి సరిపోతుందో ఆవిడే చెబుతుంది.

"డీజిల్ బండి, ఏదో పసుప్పచ్చ దీపం వెలిగి ఆరట్లేదు"

దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. షోరూంలో దీన్ని వివరించేవాళ్ళు తక్కువ, పట్టించుకోకపోతే పోయే డబ్బు చాలా ఎక్కువ.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్ల పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. పొగలోని మసిని పట్టుకుంటుంది. అది నిండినప్పుడు ఇంజిన్ తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ పంపి, జల్లెడని ఆరు వందల డిగ్రీల దాకా వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. ఈ పని జరగాలంటే బండి ఆగకుండా కొంతసేపు వేగంగా పోవాలి. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి పిల్లల బడికి, మళ్ళీ ఇంటికి, అంతా కలిపి నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండిలో అది ఎప్పటికీ పూర్తవదు. మొదలవుతుంది, ఇంతలో మనం తాళం తిప్పేస్తాం. మసి పేరుకుంటుంది, చివరికి దీపం వెలుగుతుంది.

కాల్చే పని జరుగుతోందని గుర్తుపట్టడం తేలికే. బండి ఆగి ఉన్నా ఇంజిన్ మామూలు కంటే కొంచెం ఎక్కువ తిరుగుతుంది. ఆ కాసేపు మైలేజీ అంకె పడిపోతుంది. బండి ఆపాక కూడా బానెట్ కింద ఫ్యాను హోరున తిరుగుతూ ఉంటుంది, వేడి ఇనుము వాసన వస్తుంది. అప్పుడు ఇంటి ముందు ఆపేయకుండా ఇంకో పది పదిహేను నిమిషాలు తిప్పి రండి.

దీపం వెలిగిందా, భయపడక్కర్లేదు. శ్రీకాకుళం వాళ్ళకి జాతీయ రహదారి 16 పక్కనే ఉంది. ఎచ్చెర్ల మీదుగా రణస్థలం దాకా అరవై డెబ్భై వేగంతో, ఒక గేరు తక్కువలో, ఇంజిన్ రెండు వేల పైన తిరిగేలా వెళ్ళి రండి. విజయనగరం వాళ్ళు నాతవలస దగ్గర హైవే ఎక్కొచ్చు. చాలాసార్లు దారిలోనే దీపం ఆరిపోతుంది. ఆరకపోయినా, దానితోపాటు ఇంజిన్ దీపం కూడా వెలిగినా, బండికి లాగుడు తగ్గినా ఇంక తిప్పకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. వాళ్ళు కంప్యూటర్ పెట్టి బలవంతంగా మసి కాల్పిస్తారు. ఆయిల్ మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి. లోకల్ గ్యారేజీలో దొరికిన ఆయిల్ పోస్తే, ఎంత కాల్చినా పోని బూడిద జల్లెడలో మిగిలిపోతుంది. ఫిల్టరే మార్చాల్సి వస్తే గుండె గుభేలుమనే ఖర్చు.

కొనబోయేవాళ్ళకి నా మాట స్పష్టం. పలాస నుంచి వైజాగ్ దాకా వ్యాపారం మీద తిరిగే జీడిపప్పు వ్యాపారికి క్రెటా, సెల్టోస్ డీజిల్‌ని మించింది ఈ సైజులో లేదు. ఎలివేట్, గ్రాండ్ విటారా, స్కోడా కుషాక్, ఫోక్స్‌వాగన్ టైగన్‌లలో అసలు డీజిలే లేదు. ఊళ్ళోనే తిరిగేవాళ్ళు మాత్రం లీటరుకి కొన్ని రూపాయలు మిగులుతాయని డీజిల్ వైపు చూడొద్దు.

"ఆటోమేటిక్ కుదుపుతోంది, గేర్‌బాక్స్ వేడెక్కిందని రాస్తోంది"

ముందు మీది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోండి. టర్బో పెట్రోల్ క్రెటా, సెల్టోస్‌లలో డీసీటీ, కుషాక్, టైగన్ 1.5లో డీఎస్‌జీ. రెండూ ఒకే కోవ: లోపల రెండు క్లచ్చులు, మనిషి బదులు కంప్యూటర్ తొక్కుతుంది. హైవేలో వెన్నలా పోతాయి. రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డు మీద అడుగడుగునా కదిలే వరసలో గానీ, సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్‌లో లోడు లారీ వెనక గానీ ఆ క్లచ్ సగం పట్టి సగం జారుతూ కాగిపోతుంది.

ముందు బండికి పది అడుగులు ఖాళీ ఏర్పడేదాకా బ్రేకు మీదే ఆగి, ఒక్కసారి కదలండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకండి. హెచ్చరిక వస్తే పక్కకి ఆపి, పార్కులో పెట్టి, ఇంజిన్ ఆపకుండా కాసేపు ఉంచండి. మామూలుగా ఖాళీ రోడ్డు మీద కూడా కుదుపు వస్తుంటే అది వారంటీలో చూపించాల్సిన సంగతి. రోజూ ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్ళు ఎలివేట్‌లో ఉండే సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది) లాంటిది గానీ, క్రెటా డీజిల్‌లోనూ గ్రాండ్ విటారా మామూలు పెట్రోల్‌లోనూ ఉండే టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా లాగుడు అందించేది) గానీ చూసుకోవడం మేలు.

"కప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి"

సన్‌రూఫ్ పగిలిందని కంగారు పడతారు. అద్దం చుట్టూ ఉండే కాలువలోకి కొంత నీరు రావడం మామూలే. నాలుగు మూలల నుంచి సన్న గొట్టాల్లో కిందకి పోతుంది. వేపచెట్టు కిందో చింతచెట్టు కిందో పెట్టిన బండికి ఆకులు, పూత పడి ఆ గొట్టాలు మూసుకుపోతాయి. అప్పుడు నీరు ముందు లైటు దగ్గరో, సీటు బెల్టు పక్కనుంచో లోపలికి దిగుతుంది. సన్‌రూఫ్ తెరిచి కాలువని మెత్తని గుడ్డతో తుడవండి. మూలలో చిన్న గ్లాసుతో నీళ్ళు కొద్ది కొద్దిగా పోయండి, చక్రం దగ్గర కింద కారాలి. కారకపోతే సర్వీసులో శుభ్రం చేయించండి. గాలి పంపుతో గట్టిగా ఊదించకండి, లోపల గొట్టం ఊడొస్తుంది. నైరుతి వానలకి ముందు ఒకసారి, అక్టోబర్ తుపాన్లకి ముందు ఒకసారి చూసుకుంటే చాలు.

చిన్నవి కొన్ని

అడాస్ (కెమెరా, సెన్సర్లతో డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) ఊరికే మోగుతోందంటే, స్టీరింగ్ తానే లాగుతోందంటే పల్లె రోడ్ల మీద లేన్ అసిస్ట్ ఆపేసి, ముందు ఢీ హెచ్చరిక ఒక్కటి ఉంచుకోండి. ముందు అద్దం మార్పిస్తే కెమెరా క్యాలిబ్రేషన్ చేయించారో లేదో బిల్లులో చూడండి. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్ళ వాళ్ళు వారానికోసారి బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించాలి. కోతల సమయంలో ఇంటి పక్క కళ్ళం ఉంటే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వారంటీ వర్తించదు. బండి రోజుల తరబడి కదలకుండా ఉంచకండి, కింద నుంచి సన్న ఇనప జాలి బిగించండి, ఉదయం స్టార్ట్ చేసే ముందు బానెట్ ఒకసారి ఎత్తండి.

"షోరూం వాళ్ళు పట్టించుకోవట్లేదు"

ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు. ప్రతిసారీ జాబ్ కార్డు రాయించండి, మీ ఫిర్యాదు మీ మాటల్లోనే పడేలా చూడండి, కాపీ తీసుకోండి. అదే సమస్య మళ్ళీ వస్తే పాత జాబ్ కార్డు నంబర్ వేసి కంపెనీకి మెయిల్ పెట్టండి. అయినా కదలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్: చెల్లించిన ధర యాభై లక్షల లోపు కేసులు అక్కడే వింటారు. 2019 చట్టం వచ్చాక, బండి వైజాగ్‌లో కొన్నా మీరు ఉండే జిల్లాలోనే, శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కేసు వేయొచ్చు. ఇన్‌వాయిస్, కొటేషన్ కాగితం, జాబ్ కార్డులు, మెయిళ్ళ ప్రింట్లు తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.