ఒకే నాలా, ఐదు కాలనీలు: సంక్షేమ సంఘాలు కలిసి ముంపు తగ్గించుకోవడం ఎలా

గేటు, పార్కు, సీసీ కెమెరాల వరకు హైదరాబాద్‌లో ఏ కాలనీ సంఘమైనా ఒంటరిగానే నెట్టుకొస్తుంది. వాననీళ్ల దగ్గరికి వచ్చేసరికి అది కుదరదు. వాన ఒక కాలనీలో పడుతుంది, రెండో కాలనీ రోడ్డు మీదుగా పారుతుంది, మూడో కాలనీ సెల్లార్‌లో నిలుస్తుంది. మూడో కాలనీ సంఘం ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా, పై రెండు కాలనీలు కలిసిరాకపోతే ఏటా అదే తంతు. నగరం అంతటికీ పెద్ద ఫెడరేషన్ పెట్టనక్కర్లేదు. ఒక నాలా వెంట ఉన్న నాలుగైదు సంఘాలు చేరితే చాలు.

ముందు ఒక లెక్క చూసుకోండి. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. 50 ఎకరాల కాలనీ మీద 5 సెంటీమీటర్లు కురిస్తే కోటి లీటర్లు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు తవ్వి రాళ్లు నింపిన ఇంకుడు గుంతలో పట్టేది వెయ్యి లీటర్లకు కాస్త అటూ ఇటూ. 200 ఇళ్లలోనూ తవ్వినా ఒక విడతలో ఆగేది రెండు లక్షల లీటర్లు, అంటే నూటికి రెండు వంతులు. ఇంకుడు గుంతలు బోర్లకు మేలు చేస్తాయి, తప్పకుండా తవ్వండి. ముంపు మాత్రం వాటితో తీరదు. మిగిలిన 98 లక్షల లీటర్లకు దారి కావాలి, ఆ దారి మీ కాలనీ గేటు దగ్గర ఆగదు.

ఎవరిని కలుపుకోవాలి

నాలా ఏ చెరువు అలుగు దగ్గర మొదలై, ఏ చెరువులోనో మూసీలోనో కలుస్తుందో మ్యాప్‌లో గీసుకోండి. ఆ గీతకు రెండు పక్కలా నీళ్లు వదిలే ప్రతి కాలనీ పేరూ రాయండి. అపార్ట్‌మెంట్ సంఘాలను మరిచిపోవద్దు, సెల్లార్ మోటార్లు పెట్టి నీళ్లు రోడ్డు మీదికి తోడేది ఎక్కువగా వాళ్లే.

నాలా పక్కన బస్తీ ఉంటే మొదటి రోజు నుంచే పిలవండి. కాలనీలు మాత్రమే కూర్చుని నిర్ణయాలు చేస్తే పని అక్కడికి వచ్చి ఆగుతుంది. జేసీబీ దిగాలన్నా, ఎత్తిన పూడిక ట్రాక్టర్లలో బయటికి పోవాలన్నా దారి తరచుగా బస్తీలోంచే. అక్కడ రిజిస్టరైన సంఘం ఉండకపోవచ్చు, మహిళా పొదుపు సంఘాల లీడర్లు ఉంటారు, బస్తీ పెద్దలు ఉంటారు. వాళ్లలో ఇద్దరికి మిగతా అందరితో సమానంగా కమిటీలో చోటివ్వాలి. పైగా ఏ గంటకు ఏ మోరీ పొంగుతుందో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఒక్కో చోటు నుంచి ఇద్దరు చాలు. వాళ్లలో ఒకరు తప్పనిసరిగా పగటిపూట కాలనీలో ఉండేవారై ఉండాలి. ఇంజినీర్లు తనిఖీకి వచ్చేది పగలే, అధ్యక్షులంతా ఆఫీసుల్లో ఉంటే గేటు తీసేవాడు ఉండడు. కన్వీనర్ పదవి ఆరు నెలలకొకసారి మారాలి, మొదటి విడత అన్నిటికన్నా పల్లంలో ఉన్న కాలనీకి ఇవ్వండి.

ఒప్పందం ఒక్క పేజీ దాటకూడదు. అందులో నాలుగు మాటలు ఉంటే సరిపోతుంది: ఏ నాలా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఖర్చు ఏ లెక్కన పంచుకోవాలి, అధికారులతో కమిటీ తరఫున ఎవరు మాట్లాడాలి, ఏ సంఘమూ విడిగా వెళ్లి దీనికి అడ్డంవచ్చే పని అడగకూడదు. ప్రతి సంఘం తన కార్యవర్గంలో తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాసి, నకలు కమిటీకి ఇవ్వాలి. తీర్మానం లేని చోట అధ్యక్షుడు మారగానే 'అది పాతవాళ్ల గోల' అంటారు.

కమిటీని రిజిస్టర్ చేయించాలన్న తొందర వద్దు. ఎవరికీ తెలియని కొత్త ఫెడరేషన్ లెటర్‌హెడ్ కన్నా ఆరు సంఘాల ముద్రలున్న ఒక్క ఉత్తరానికే అధికారి దగ్గర బరువెక్కువ. సొంత బ్యాంకు ఖాతా, విరాళాలు కావాలనుకున్నప్పుడు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురితో, మెమొరాండం, బైలాలు పెట్టి దరఖాస్తు చేసుకోవచ్చు. రిజిస్టరయ్యాక కొత్త కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రార్‌కు అందజేయాలి. చాలా సంఘాలు ఇక్కడే చిక్కుకుంటాయి.

కింద నుంచి పైకి నడవండి

వానలు ఆగాక, నవంబరులో ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. 30 మీటర్ల టేపు, పది సెంటీమీటర్లకొక గీత గీసిన కర్ర, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబు, తెల్ల పెయింటు, ఒక పెద్ద నోటు పుస్తకం పట్టుకెళ్లండి. నాలా చివర, అంటే పల్లం దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడవండి. ప్రతి కల్వర్టుకూ, క్యాచ్‌పిట్‌కూ (రోడ్డు నీళ్లు కాలువలోకి దిగే గుంత) నంబరు వేసి, వెడల్పు, లోతు, ఎంత పూడిక ఉందో రాసుకోండి. కర్రను పూడిక మీద ఆనించి ఒక లెక్క, గట్టి అడుగు తగిలేదాకా దింపి ఇంకో లెక్క. తేడానే పూడిక మందం.

పైపు సైజులు మారే చోట ఆగి చూడండి. పైనుంచి 600 మిల్లీమీటర్ల పైపు వచ్చి, కింద 450 పైపులో కలిసే చోట్లు కనిపిస్తూనే ఉంటాయి. చూపుకు తేడా చిన్నదే, కానీ 600 పైపు నోటి వైశాల్యం 450 కన్నా ముప్పావు రెట్టు ఎక్కువ. ఆ మిగులు నీళ్లే పై మ్యాన్‌హోల్‌లోంచి ఎగదన్నుతాయి. పైనున్న కాలనీ తన నిధులతో పెద్ద పైపు వేయించుకుని, కిందిది అలాగే వదిలేస్తే జరిగేది ఇదే. అందుకే పైపు వెడల్పు చేసే పని ఎప్పుడూ పల్లంలో మొదలై ఎగువకు సాగాలి. ఈ ఒక్క షరతును ఒప్పందంలోనే రాసుకోండి.

వాలు చూడటానికి ట్యూబు చాలు. నీళ్లలో గాలి బుడగ లేకుండా చూసుకోండి, బుడగ ఉంటే రెండు కొసలూ అబద్ధం చెబుతాయి. 200కి 1 వాలు ఉందంటే వంద మీటర్లకు అరమీటరు దిగాలి. కొత్తగా వేసిన డ్రెయిన్‌లో కూడా వాలు తిరగబడి ఉండొచ్చు, ఎండాకాలంలో సైతం ఒకే చోట నీళ్లు నిలిచి ఉంటే అనుమానించండి.

రోడ్ల సంగతి కూడా రాయండి. పాత పొర చెక్కకుండా దాని మీదే కొత్త సిమెంటు కాంక్రీటు వేస్తూ పోతే రోడ్డు లేస్తుంది, ఇళ్లు దిగబడతాయి, క్యాచ్‌పిట్ మూతలు కాంక్రీటు కింద సమాధి అవుతాయి. పాత ఫొటోల్లో ఇంటి మెట్లు లెక్కపెడితే ఎంత లేచిందో తేలిపోతుంది. నడకలో ఇంకొకటి బయటపడుతుంది, అదే అందరికీ ఇబ్బంది: నాలాను ఆక్రమించింది ఒక్కోసారి సంఘమే. పార్కు ప్రహరీ, వాచ్‌మన్ గది, కాలనీ ఆర్చి దిమ్మె. లేఅవుట్ నకలు తెప్పించి ముందు మీవి సరిచూసుకోండి. మీ గోడ నాలాలో ఉండగా ఎగువవాడి షెడ్డు గురించి ఫిర్యాదు చేస్తే మొదటి నోటీసు మీకే వస్తుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

వరద కాలువ, క్యాచ్‌పిట్, రోడ్డు కార్పొరేషన్‌వి. మురుగు లైన్లు, వాటి మ్యాన్‌హోళ్లు జలమండలివి, అంటే నగర మంచినీటి, మురుగునీటి బోర్డువి. 2021 నుంచి నగర శివార్లలోని మురుగు లైన్ల నిర్వహణ కూడా దానికే అప్పగించారు. చెరువులు, నాలాల ఆక్రమణల మీద 2024లో వచ్చిన ప్రభుత్వ సంస్థ హైడ్రాకు చెప్పాలి. స్తంభం అడ్డుంటే విద్యుత్ సంస్థ. నాలుగు శాఖల సమస్యనూ ఒకే ఉత్తరంలో కలిపి రాస్తే అది నాలుగు చోట్లా తిరిగి ఎక్కడో ఒక బల్ల మీద ఆగిపోతుంది. శాఖకొక ఉత్తరం రాయండి, మ్యాప్ మాత్రం అన్నిటికీ ఒకటే జతచేయండి.

కార్పొరేషన్‌కు రాసే ఉత్తరం డిసెంబరులోనే వెళ్లాలి. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, మేలో అడిగిన పని ఆ వానాకాలానికి అందదు. ఉత్తరంలో మునిగే చోట్లు నంబర్ల వారీగా, ఇళ్ల సంఖ్యతో ఉండాలి. చివర్లో 'తగు చర్య తీసుకోగలరు' అని వదిలేయకండి, 'ఫలానా వారంలోగా సంయుక్త తనిఖీ తేదీ ఇవ్వండి' అని అడగండి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రశీదు నంబరు తీసుకోండి. నలుగురికి మించి వెళ్లొద్దు. ఒకరే మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి.

తనిఖీ తర్వాత కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) ఎస్టిమేట్ వేస్తారు. దాని నకలు అడిగి మూడు అంశాలు వెతకండి: తవ్విన రోడ్డు మళ్లీ వేయడం, అడ్డొచ్చే మంచినీటి పైపులు జరపడం, స్తంభాలు జరపడం. ఇవి లేకపోతే టెండర్ అయ్యి, గుంత తవ్వి, మధ్యలో పని ఆగుతుంది. తవ్వి వదిలేసిన గుంత వానాకాలంలో ఏ ముంపు కన్నా ప్రమాదం.

కాగితాలు చేతికి రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి; 30 రోజుల్లో జవాబు రావాలి. చాలామంది కాగితాల నకళ్లు మాత్రమే అడుగుతారు. అదే చట్టం పనిని స్వయంగా పరిశీలించే హక్కునూ, వాడిన సామగ్రి నమూనాలు తీసుకునే హక్కునూ ఇస్తుంది.

పూడికతీత: ఇక్కడే కళ్లు తెరిచి ఉండాలి

నాలా పనుల్లో తప్పుడు కొలతలకు ఎక్కువ వీలున్నది పూడికతీతలోనే, ఎందుకంటే మొదటి వాన పడ్డాక రుజువంతా కొట్టుకుపోతుంది. పని మొదలయ్యే ముందు రోజు ఏఈ, కాంట్రాక్టర్ మనిషి, కమిటీ నుంచి ఇద్దరు కలిసి ప్రతి 25 మీటర్లకూ పూడిక మందం కొలవండి. ఉదాహరణకు 400 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, సగటున 60 సెంటీమీటర్ల పూడిక ఉంటే 480 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రాలీ సైజు టేపుతో కొలవండి. 3 ఘనపు మీటర్లు పట్టేదైతే 160 ట్రిప్పులు కావాలి. 60 ట్రిప్పులే వెళ్లాయంటే బిల్లుకు ముందే అడగాలి. గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్‌కు పుస్తకం ఇచ్చి బండి నంబరు, సమయం రాయించండి.

తీసిన పూడికను ఆరడానికని గట్టు మీదే పోస్తారు. నీరు కారడానికి ఒక రోజు, మహా అయితే రెండు రోజులు చాలు. ఆ తర్వాతా అక్కడే ఉంటే పెద్ద వానకు తిరిగి నాలాలోకే జారుతుంది. తరలించాకే బిల్లుకు ఆధారమయ్యే కొలతల పుస్తకంలో ఎక్కించాలని తనిఖీ రోజునే ఏఈతో రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కల్వర్టు కింద భాగం ప్రత్యేకంగా చూడండి. జేసీబీ చెయ్యి అక్కడికి చేరదు, అటూ ఇటూ శుభ్రంగా తీసి నడుమ వదిలేస్తారు.

సంఘం సొంత డబ్బుతో మురుగు మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా దింపడం నేరం, మొదటిసారే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. మురుగు లైన్లలో మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. విషవాయువు వాసన రాకపోయినా ప్రాణం తీస్తుంది. జలమండలి యంత్రం వచ్చేదాకా ఆగండి.

వాన కురుస్తుండగా మురుగు మ్యాన్‌హోల్ మూత తీసి రోడ్డు మీది నీళ్లు అందులోకి మళ్లించడం ఇంకో అలవాటు. పది నిమిషాల్లో మీ వీధి తేరుకుంటుంది, పల్లంలోని ఇళ్ల బాత్‌రూముల్లోంచి మురుగు పైకి తన్నుతుంది. నీళ్ల కింద కనబడని ఆ గుంతలో మనుషులు పడి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ఈ నగరం చూసింది. అన్ని కాలనీల వాచ్‌మన్లకూ ఈ ఒక్క మాట జూన్ రాకముందే చెప్పండి.

డబ్బు, తగాదాలు

ఖర్చు కాలనీకింత అని సమానంగా వేస్తే చిన్న కాలనీ మొదటి నెలలోనే వెళ్లిపోతుంది. ఇళ్ల లెక్కన వేయండి. మూడు కాలనీల్లో 300, 120, 80 ఇళ్లుండి 50 వేలు కావాలంటే ఇంటికి వంద. బస్తీ ఇళ్లను ఈ లెక్కలోకి తీసుకోవద్దు. ఖాతా తెరిచాక చెక్కు మీద రెండు సంతకాలు, ఆ ఇద్దరూ వేర్వేరు కాలనీలవాళ్లు. లెక్క ప్రతి నెలా ఐదో తేదీలోగా అన్ని నోటీసు బోర్డుల మీదా పెట్టాలి. కార్పొరేషన్ పనులు చేసే కాంట్రాక్టరు గానీ, అతని బంధువు గానీ కమిటీలో ఉండకూడదు, ఎంత మంచివాడైనా సరే.

ఎగువ కాలనీకి ముంపు ఉండదు, మరి వాళ్లెందుకు వస్తారు? ఊరికే పిలిస్తే రారు. వాళ్లకు కావలసిందేదో కమిటీ పనుల్లో చేర్చండి: ఎండాకాలంలో ట్యాంకర్ల ధర కలిసి మాట్లాడటం, అందరి పొడి చెత్తను ఒకే కొనుగోలుదారుకు అమ్మడం, కాలనీలను కలిపే రోడ్డు మీది గుంతలు పూడ్పించడం. ఎన్నికల ముందు మూడు నెలలు కమిటీ పేరుతో ఎవరికీ సన్మానాలు వద్దు, అన్ని పార్టీలవాళ్లకూ ఒకే వినతిపత్రం ఇవ్వండి.

ఇక వానాకాలానికి ఒక సన్నాహం. ప్రతి కల్వర్టు గోడ మీద అడుగు నుంచి అరమీటరుకొక గీత పెయింటుతో వేయించండి. వాన పడ్డ ప్రతిసారీ ఒకే చోట నిలబడి గీత కనిపించేలా ఫొటో తీసి, సమయంతో కమిటీ గ్రూపులో పెట్టాలి. ఆ గ్రూపులో గుడ్‌మార్నింగులు నిషేధం. అంచులు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి డాబా మీద పెట్టి ఆ రోజు ఎన్ని మిల్లీమీటర్లు పడిందో స్కేలుతో కొలిచి పక్కనే రాయండి. ఎంత వానకు ఏ కల్వర్టు దగ్గర నీళ్లు ఎంత ఎత్తుకు, ఎంతసేపట్లో చేరాయో అక్టోబరు నాటికి పట్టిక తయారవుతుంది. తర్వాతి డిసెంబరు ఉత్తరానికి జతచేయాల్సిన మొదటి కాగితం అదే.