యాసంగి మోటర్ బోర్డుల్లో ప్రోగ్రాం ఎక్కించే ముందు పాయింటర్ లెక్క చూసుకోండి

పోయిన యాసంగిలో దేవరకొండ వైపు ఒక రైతు బోరు మోటర్ కాలిపోయింది. పైకి లాగి చూస్తే వైండింగ్ నల్లగా మాడి ఉంది. స్టార్టర్ డబ్బాలో డ్రై రన్ బోర్డు ఉంది. నీళ్లు అందక ఆంప్స్ పడిపోతే మోటర్‌ని ఆపాల్సింది అదే. ఆపలేదు. వైరింగ్‌లో ఏ లోపమూ లేదు, తప్పంతా ప్రోగ్రాంలో ఒక్క లైనుది.

ఆంప్స్ రీడింగులకు పది గదుల అర్రే (మెమరీలో వరుసగా ఉండే గదులు), ఒక్కో గది రెండు బైట్లు. ప్రోగ్రాం రాసినవాళ్లు రెండు బైట్లు కదా అని, గది అడ్రస్ చూపే పాయింటర్‌కి ‘ఐ ఇంటు రెండు’ కలిపారు; ఐ అంటే సున్నా నుంచి మొదలయ్యే రీడింగు నంబరు. సీ భాషలో పాయింటర్‌కి ఒకటి కలిపితే జరిగేది ఒక బైటు కాదు, ఒక గది. సైజు లెక్క, కోడ్ని చిప్ భాషలోకి మార్చే కంపైలరే వేస్తుంది. మనమూ వేస్తే రెండింతలు జరుగుతుంది. అందుకే ఆరో రీడింగే అర్రే దాటి, పక్కనే ఉన్న డ్రై రన్ హద్దు మీద పడింది. ఆంప్స్ తగ్గిన కొద్దీ హద్దూ దిగిపోయింది. వరుసగా పది సెకన్లు హద్దు కింద ఉంటేనే ట్రిప్ కావాలి, ఇంకెక్కడ అవుతుంది? చదివేటప్పుడూ అదే తప్పు లెక్క కాబట్టి డిస్‌ప్లేలో ఆంప్స్ సరిగ్గానే కనిపించాయి, టేబుల్ మీద చూసినప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

కంప్యూటర్‌లో అయితే ఇలాంటి ప్రోగ్రాం చాలాసార్లు క్రాష్ అయి దొరికిపోతుంది. ఏటీమెగా328 అనే చిన్న చిప్పులో ఆ కాపలా లేదు. ర్యామ్ మొత్తం 2 కేబీ, గీత దాటితే పక్కవాడి మీదే పడుతుంది.

మళ్లీ చెప్తున్నా, గది సైజుతో మీరు గుణించకండి. సైజు ఎన్ని బైట్లో చెప్పేది సైజాఫ్. సైజాఫ్‌తో కూడా గుణించకండి. పాత కోడ్ తెచ్చుకున్నా ముందు ఇదే వెతకండి.

ఫంక్షన్‌లోకి వచ్చిన అర్రే మీద సైజాఫ్ నమ్మకండి, అది పాయింటర్ సైజే చెప్తుంది: ఏవీఆర్‌లో 2, (ఏటీమెగా328 ఆ రకం చిప్పే), 32 బిట్ ఆర్మ్‌లో 4. గదుల సంఖ్య విడిగా పంపండి. సీరియల్ బఫర్ (వచ్చిన బైట్లు దాచే చోటు) మధ్యలో 32 బిట్ పాయింటర్ పెట్టి చదవకండి, అడ్రస్ నాలుగు గుణిజం కాకపోతే కార్టెక్స్ ఎం0 అనే ఆర్మ్ ప్రాసెసర్ లోపం దొరికి హార్డ్‌ఫాల్ట్‌లో పడుతుంది. మెమ్‌కాపీ వాడండి, అది బైట్లను కాపీ చేస్తుంది. చివరి గది తర్వాతి అడ్రస్ పోల్చుకోవడానికే, అక్కడ రాయొద్దు. వాయిడ్ పాయింటర్ (గది రకం చెప్పని పాయింటర్) మీద కూడిక వద్దు. కంపైలర్ వార్నింగులు అన్నీ ఆన్ చేయండి, ఒక్కటీ వదలొద్దు. బఫర్ చివర గుర్తు బైటు పెట్టండి, అది మారితే రిలే ఆఫ్. టేబుల్ మీద లోడ్ తగ్గించండి, ట్రిప్ అయ్యేదాకా అక్కడే నిలబడండి. ట్రిప్ కాని బోర్డు డబ్బాలో బిగించొద్దు.