పాత స్టీలు సైకిల్: 4వ పాఠం – కాటర్ పిన్ను

గత పాఠంలో ఫ్రేమును శుభ్రం చేశాం. ఇక క్రాంకుల వంతు, అంటే పెడళ్లు బిగించి ఉండే చేతులు. ఒక్కో క్రాంకును మధ్య ఇరుసుకు కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప మేకులాంటిదే కాటర్ పిన్ను. పాత సైకిల్ తొక్కుతుంటే పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒకే చోట 'టక్' మంటోందా? బేరింగును అనుమానించే ముందు ఒక పరీక్ష చేయండి. క్రాంకులు రెండూ నేలకు సమాంతరంగా ఉంచి, రెండు చేతులతో రెండు పెడళ్లనూ ఒకేసారి కిందికి నొక్కండి. తర్వాత క్రాంకులను అర చుట్టు తిప్పి మళ్లీ నొక్కండి. ఒక క్రాంకు ఇరుసు మీద కాస్త జరిగితే దోషం పిన్నుది. రెండూ ఇరుసుతో కలిసి అటూ ఇటూ ఊగితే దోషం బేరింగుది. పెడల్ వదులైనా ఇదే చప్పుడు వస్తుంది, దాన్నీ ఓసారి బిగించి చూడండి.

ఈ గొడవంతా ఎందుకని క్రాంకులనే మార్చేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. ఆ సన్నని స్టీలు క్రాంకులతోనే సైకిలుకు అందం. రాలీ కంపెనీ సైకిల్ చైన్ వీల్లో (చైను తిరిగే పళ్ల చక్రంలో) చెక్కిన కొంగ తలలు కొత్త సెట్టులో ఎక్కడ దొరుకుతాయి?

పిన్ను తీయడం: ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పిన్ను రెండు చివర్లా వేసి వదిలేయండి. మర్నాడు నట్టును, పిన్ను చివర దాని పైఅంచుకు సమంగా వచ్చేదాకా వదులు చేయండి. పూర్తిగా తీయకండి, దెబ్బకు మరలు చెడకుండా అది కొంత కాపాడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. పిన్ను తల (నట్టు లేని చివర) లోపలికి దిగేంత బోలు ఉన్న ఇనుప గొట్టం ముక్కను క్రాంకు కింద నేల మీద నిలబెట్టాలి. సైకిల్ బరువు దాని మీద పడేలా, చక్రాలు నేల నుంచి వేలెడు పైకి లేచేలా గొట్టం పొడవు కోసుకోండి. ఒకరు సైకిల్ పట్టుకోవాలి. కిలో సుత్తితో నట్టు మీద నిటారుగా ఒక్క గట్టి దెబ్బ. చిన్న చిన్న దెబ్బలు పది వేస్తే పిన్ను కదలదు సరికదా, దాని చివర పుట్టగొడుగులా విచ్చుకుని రంధ్రంలో ఇరుక్కుపోతుంది. గొట్టం లేకుండా కొడితే దెబ్బంతా బేరింగు గోళీల మీద పడి, అవి కప్పులో (గోళీలు తిరిగే గిన్నెలో) గుంటలు చేస్తాయి. ఆ తర్వాత ఎంత గ్రీజు పెట్టినా గరగర పోదు. పిన్ను ప్రెస్సు (పిన్నును నొక్కి బయటికి తోసే పరికరం) ఉంటే సుత్తి జోలికే పోవద్దు.

విచ్చుకుపోయిన పిన్నును చివర ఆకురాయితో చదును చేసి, నడిమధ్య గుంట పెట్టి 5 మి.మీ. డ్రిల్లుతో తొలిచి, ఆపైన కొడితే వస్తుంది. ఓపిక కావాలి.

కొత్త పిన్ను కొనేముందు పాతదాని మందం కాలిపర్‌తో కొలవండి. బ్రిటిష్ తరహా సైకిళ్లలో సాధారణంగా 9.5 మి.మీ. ఉంటుంది, ఐరోపా ఖండపు సైకిళ్లు కొన్నింటిలో 9 మి.మీ. 9.5 రంధ్రంలో 9 పిన్ను ఎంత బిగించినా కుదురుకోదు.

కొత్త పిన్ను చదును భాగం ఇరుసు మీది కోతకు అచ్చంగా ఆనాలి. తెచ్చినదాన్ని తెచ్చినట్టు కొట్టేయకండి. చదును మీద నల్ల మార్కరు పూసి, రంధ్రంలో పెట్టి చేత్తో గట్టిగా నొక్కి, బయటికి తీసి చూడండి. నలుపు ఎక్కడ చెరిగిందో అక్కడే ఆనుతోందన్నమాట. ఒక అంచున మాత్రమే చెరిగితే ఆ అంచును ఆకురాయితో మూడు నాలుగుసార్లు రాసి మళ్లీ చూడండి. ముఖమంతా సమంగా చెరిగేదాకా ఇదే పని. ఎక్కువ అరగదీస్తే పిన్ను లోతుగా దిగిపోతుంది, అప్పుడు నట్టుకు మర చాలదు. అందుకే తక్కువ తక్కువగా రాయాలి.

రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కులకు ఉండాలి. ఒక నట్టు పైకి చూస్తే రెండోది కిందికి చూడాలి. రెండూ ఒకే వైపు పెడితే క్రాంకులు ఒక గీతలో నిలవవు, తొక్కేటప్పుడు కాలికి వెంటనే తెలుస్తుంది.

బిగించేటప్పుడు కూడా అదే గొట్టం, ఈసారి నట్టు వైపు కింద. పిన్ను తల మీద కొట్టి దించి, తర్వాతే వాషరు, నట్టు వేయండి. నట్టు పని పిన్నును జారనివ్వకపోవడమే, లోపలికి లాగడం కాదు. స్పానరుతో లాగాలని చూస్తే మర పోతుంది. ఓ 50 కిలోమీటర్లు తొక్కాక పిన్ను మీద మరో దెబ్బ వేసి, నట్టును మళ్లీ బిగించండి. కొత్త పిన్ను మొదట్లో కాస్త సర్దుకుంటుంది.

5వ పాఠంలో ఇరుసునే బయటికి తీస్తాం. 6.35 మి.మీ. గోళీలు 22, అంటే వైపుకు 11, గ్రీజు డబ్బా సిద్ధం చేసుకోండి. అప్పటిదాకా చైను వైపు కప్పు ముట్టుకోవద్దు. బ్రిటిష్ మరలో అది ఎడమ మర (మామూలుకు ఎదురు దిశలో తిరిగేది), ఇటాలియన్ ఫ్రేముల్లో మామూలు మర. ఏదో తెలియకుండా బలంగా తిప్పితే ఫ్రేము మరే పాడవుతుంది.