ఇంటి వీడియోలు డీవీడీలో రాసే ముందు ఇవి చూస్కోండి

డిస్క్ రెడీ అయింది కదా అని ఒరిజినల్ ఫైల్స్ మాత్రం డిలీట్ చేయకండి. డీవీడీ కోసం మార్చినప్పుడు వీడియో ఎంపెగ్-2 అనే డీవీడీ ఫార్మాట్‌లోకి, 720 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గిపోతుంది, పోయిన క్లారిటీ మళ్ళీ రాదు, పైగా ఇంట్లో రాసిన డిస్క్ కొన్నేళ్ళకి చదవకుండా పోవచ్చు, పిల్లల మొదటి అడుగులు ఇంకోసారి తీయలేం కదా.

ఫైల్స్ ఊరికే కాపీ చేస్తే అది డేటా డిస్క్, చాలా ప్లేయర్లలో ఆడదు. డిస్క్ రాసే సాఫ్ట్‌వేర్‌లో "వీడియో డీవీడీ" ఆప్షనే ఎంచుకోండి.

4.7 జీబీ డిస్క్ కంప్యూటర్‌లో 4.38 అనే కనిపిస్తుంది. మంచి క్వాలిటీకి గంట, మరీ అయితే రెండు గంటలు. అంతకంటే కుక్కితే బొమ్మ గళ్ళుగళ్ళుగా వస్తుంది, ఇంకో డిస్క్ వాడటమే నయం.

డీవీడీకి రెండు టీవీ పద్ధతులు ఉంటాయి: పాల్ అయితే సెకనుకి 25 ఫ్రేములు (బొమ్మలు), ఎన్‌టీఎస్‌సీ అయితే 29.97. మీ వీడియో ఏదో అదే పెట్టండి, లేకపోతే కదలికలు కుదుపుగా ఉంటాయి.

ముందు హార్డ్ డిస్క్‌లో ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) చేసి, ప్లే చేసి చూసి, అప్పుడు 4ఎక్స్ లేదా 8ఎక్స్ స్పీడ్‌లో రాయండి.

ఫైనలైజ్ (వేరే ప్లేయర్లలో ఆడేలా డిస్క్‌ని ముగించడం), వెరిఫై (సరిగ్గా రాసిందో లేదో సరిచూడటం) రెండూ టిక్ చేయండి.

డిస్క్ మీద పేరు మెత్తటి మార్కర్‌తోనే రాయండి, బాల్ పెన్ వద్దు.