వరంగల్ దిక్కున టేకు ఫర్నిచర్ పని నేర్చుకోవాలంటే

ఫర్నిచర్ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ముందుగా అడిగేది ఏ మిషన్ కొనాలని. మిషన్ గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు, ఏ దుకాణంలో చేరాలన్నది ముందు తేల్చుకోవాలి. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, ఎక్కడ చూసినా కొత్త అపార్ట్‌మెంట్లలో జరిగేది ఎక్కువగా ప్లైవుడ్, లామినేట్ పని. అదీ మంచి పనే, డబ్బులూ త్వరగా వస్తాయి, కాదనను. కానీ షీటు కోసి స్క్రూలు బిగించే చోట రెండేళ్లున్నా కట్టె స్వభావం తెలియదు, అది తెలియకుండా పట్టె మంచమో పడక కుర్చీయో చేస్తే మొదటి ఎండాకాలానికే వదులైపోతుంది.

అందుకే దర్వాజలు, కిటికీలు చేసే దుకాణంలో చేరమంటాను. అది బరువు పని, ఫర్నిచర్ అంత సున్నితంగా ఉండదు, అయినా అక్కడ చేయి తిరిగే పనులన్నీ తర్వాత మంచానికీ కుర్చీకీ పనికొస్తాయి: మందపాటి చెక్కకు మూలమట్టం పెట్టి గీయడం, గీత పోకుండా దాని పక్కనుంచి కోయడం, బెజ్జం నిటారుగా తొలవడం, తలుపు చట్రంలో పలక బిగుసుకుపోకుండా వదలడం. చేరే ముందు ఒకరోజు వెళ్లి ఊరికే చూడండి. కట్టెలు నేలమీద పడేసి ఉన్నాయా, మధ్యలో పట్టీలు పెట్టి పేర్చి ఉన్నాయా? అతుకులు తొలిచి కలుపుతున్నారా, మేకులు కొట్టి సరిపెడుతున్నారా? ఉలి మొద్దుబారితే పని ఆపి సాన పడుతున్నారా? ఇవి బాగుంటే కూలి కొంచెం తక్కువిచ్చినా అక్కడే చేరండి. ఊళ్లలో ఇది తరతరాలుగా వడ్లవాళ్ల, అంటే వడ్రంగుల, ఇళ్లలో సాగిన విద్య. బయటివాళ్లకు నేర్పరేమోనని కొందరు వెనకాడతారు గానీ, ఆ విద్యకివ్వాల్సిన గౌరవం ఇచ్చి "కాకా, నేర్పుతవా" అని అడిగి చూడండి.

సర్టిఫికెట్ కావాలంటే ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. మీకు దగ్గరున్న ఐటీఐలో ఆ ట్రేడ్ ఉందో లేదో ముందు కనుక్కోండి. డ్రాయింగ్, లెక్కలు అక్కడ పద్ధతిగా వస్తాయి, చేతిపని మాత్రం దుకాణంలోనే వస్తుంది కాబట్టి సెలవుల్లో దుకాణం వదలొద్దు.

మొదటి నెలలు సాన పట్టడానికే పెట్టండి. ఉలి వాలు 25 డిగ్రీల దగ్గర పట్టి, చివరి అంచును 30 డిగ్రీలకు రాయి మీద నూరి, వెనకవైపు పూర్తిగా చదునుగా ఉంచాలి. అడ్డపోగు మీద, అంటే కట్టెను అడ్డంగా కోసిన కొన మీద, పెట్టి తోస్తే కట్టె నలగకుండా శుభ్రంగా తెగితే పదును సరిపోయినట్టు. చెక్కను నున్నగా చేసే చిత్రిక కూడా అంతే. పదును లేని ఉలితో బలం పెట్టి నెట్టేవాళ్ల చేతులే ఎక్కువగా తెగుతాయి.

ఇక కట్టె. ఆదిలాబాద్, మంచిర్యాల, ఏటూరునాగారం అడవుల టేకు మన దగ్గర అందరికీ తెలిసిందే. దుంగ నడిమి చేవ ముదురు రంగులో ఉంటుంది, చుట్టూ ఉండే తెల్లటి భాగానికి చెదలు, పురుగు త్వరగా పడతాయి, దాన్ని మంచం కోళ్లకు (కాళ్లకు), వాటిని కలిపే పట్టెలకు వాడొద్దు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి తేలికైన మెత్తని కట్టె, బొమ్మకు అద్భుతం, బరువు మోసే సామానుకు పనికిరాదు. తుమ్మ, వేప, మద్ది కూడా చేతికి అలవాటు చేసుకోండి, ప్రతివాళ్లూ టేకు కొనలేరు కదా.

కట్టె పొడవునా దాదాపు కదలదు, వెడల్పులో కదులుతుంది. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, మే నెల ఎండకు ముడుచుకుంటుంది. అడుగు వెడల్పు టేకు పలక దాదాపు ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, కదలొచ్చు. అందుకే టేబుల్ పైపలకను జిగురు పెట్టి నాలుగువైపులా బిగించేస్తే నడుమ పగులుతుంది. స్క్రూ రంధ్రాన్ని పలక వెడల్పు దిక్కున సాగేలా తొలిచి కదలడానికి చోటివ్వాలి, తలుపు పలకకు గాడిలో జిగురు పూయకూడదు. పచ్చి కట్టె కొంటే కొనలకు పెయింట్ పూసి, నీడలో గాలి ఆడేలా పట్టీలు పెట్టి పేర్చండి, అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క. అంత ఓపిక పట్టలేకపోతే కూల్చే పాత పెంకుటిళ్ల దూలాలు, వాసాలు వెతకండి, దశాబ్దాలుగా ఆరిన కట్టె అది. కోసే ముందు అయస్కాంతం పెట్టి పాత మేకులన్నీ చూసి పీకాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

కట్టె కొనే లెక్క సీఎఫ్‌టీలో, అంటే ఘనపుటడుగుల్లో, ఉంటుంది. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని గుణించి 144తో భాగించాలి. 7 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందమున్న చెక్క 84ను 144తో భాగిస్తే 0.58 సీఎఫ్‌టీ. సామిల్లులో మీ లెక్క మీరే వేసుకోండి. బిల్లు లేని టేకు ఎంత చవకగా వచ్చినా ముట్టుకోవద్దు, పట్టుబడితే కట్టె పోతుంది, కేసు మీద పడుతుంది. సొంత పట్టా భూమిలో టేకు కొట్టాలన్నా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి, తరలించడానికి అటవీ శాఖ పర్మిట్ కావాలి.

చేసే వరుస పీట, స్టూలు, ఆ తర్వాత నులక మంచం. మంచం దగ్గర తొందరపడొద్దు, అసలు చదువంతా అందులోనే ఉంది. ఒక్కో కోడులోకి రెండు పట్టెలు రెండు దిక్కుల నుంచి వస్తాయి, రెండు బెజ్జాలూ ఒకే ఎత్తులో తొలిస్తే లోపల కలిసి కోడు బలహీనపడుతుంది, కాబట్టి ఒకటి పైకి, ఒకటి కిందికి జరపాలి. బెజ్జంలో దిగే మొన మందం చెక్క మందంలో మూడో వంతు ఉంచండి. నులక బిగించి అల్లితే ఆ లాగుడుకే పట్టెలు కోళ్లలోకి ఇంకా బిగుస్తాయి, జిగురు అక్కర్లేదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇది. కుర్చీ చివర్న పెట్టుకోండి, వెనక కాళ్లు వంపుగా, సీటు వెనక్కి సన్నబడుతూ ఉంటే చాలా అతుకులు సరిగ్గా 90 డిగ్రీలకు రావు.

పాలిష్ విషయంలో, స్పిరిట్‌లో లక్క కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దే పాత పద్ధతి నేర్చుకోండి. నీళ్లు, వేడి గిన్నెలు తగిలితే తెల్ల మరకలు పడతాయి, భోజనాల బల్లకు మాత్రం వాడొద్దు. సాండింగ్ చేసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, కట్టె ధూళి ముక్కు క్యాన్సర్‌కు కారణమవుతుందని తేలింది.

చేయి కుదిరి సొంతంగా పని చేస్తున్నప్పుడు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మకు కామన్ సర్వీస్ సెంటర్‌లో అప్లై చేయండి. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఉంది. 18 ఏళ్లు నిండాలి, కుటుంబానికి ఒక్కరికే. కొద్ది రోజుల శిక్షణకు రోజుకు 500, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి లక్ష, అది సరిగ్గా కడితే రెండో విడత 2 లక్షల దాకా అప్పు. ఇప్పటికే ఆ పనిలో ఉన్నవాళ్లకే, ఇంకా మొదలుపెట్టనివాళ్లకు కాదు.

మొదట్లో కొత్త ఆర్డర్లకన్నా పాత సామాను రిపేర్లు పట్టండి. వదులైన మంచం, విరిగిన పడక కుర్చీ విప్పి చూస్తే పాతవాళ్లు అతుకు ఎలా వేశారో చేతికే తెలుస్తుంది, పైగా డబ్బులూ వస్తాయి. గుత్తకు ఒప్పుకునేటప్పుడు కట్టె ధరకు వేస్టు కింద పావు వంతు కలిపి, మీ రోజుల కూలి, పాలిష్, ఆటో కిరాయి విడివిడిగా రాసి చూపించండి, కట్టె ఖర్చంతా అడ్వాన్సుగా తీసుకోండి. పెళ్లికి మంచం అడిగితే ముహూర్తానికి వారం ముందే ఇచ్చేలా తేదీ ఒప్పుకోండి.