కంజీరకు నీళ్లు ఎంత, ఎక్కడ?

కంజీర అంటే ఎడమచేత పట్టుకుని కుడిచేత్తో వాయించే చిన్న తోలువాద్యం. తోలు పొడిగా ఉంటే శ్రుతి పైకెక్కి టక్కుటక్కుమంటుంది, గుంకి (వంగుతూ సాగే మంద్రనాదం) పలకదు. వాయించే ముందు వేళ్లు తడిపి తోలుకు లోపలివైపు, మధ్య నుంచి చుట్టూ పల్చగా రాయండి. పైవైపు తడిస్తే వేళ్లు జారతాయి. ఓ నిమిషం ఆగి వాయించండి. పట్టుకున్న ఎడమచేతి వేళ్లతో అంచు దగ్గర తోలు నొక్కితే నాదం వంగాలి. వంగకపోతే ఇంకో రెండు చుక్కలు, అంతే. నీళ్లు ఎక్కువైతే తోలు సాగి బొద్దుగా మోగుతుంది, ఆరేదాకా ఆగాల్సిందే. తొందరపడి మంటకు చూపితే అంచు దగ్గర అతుకు ఊడుతుంది. ఏసీ హాల్లో ఇట్టే ఆరిపోతుంది కనుక చిన్న నీళ్లగిన్నె పక్కనే ఉండాలి.

కొనేటప్పుడు మేకతోలుదే అడగండి. పాతవాళ్లు ఉడుముతోలునే మెచ్చుకుంటారు గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాని అమ్మకం నేరం. చట్రానికీ తోలుకూ మధ్య గోరు దూరితే ఆ కంజీర వదిలేయండి.