స్కాట్లాండ్ నగరాల్లో పాత చర్చిలు చూడటం ఎలా?

ఎడిన్‌బరా వెళ్లిన మనవాళ్లలో చాలామంది రాయల్ మైల్ అనే పాత వీధిలో నడుస్తూ సెయింట్ జైల్స్ చర్చి ముందు ఆగి, ఓ ఫొటో దిగి, అట్నుంచి అటే కోటకి వెళ్లిపోతారు. లోపలికి రానిస్తారా, టికెట్ ఎంత ఉంటుందో, మనం క్రైస్తవులం కాదు కదా ఎవరైనా ఏమైనా అంటారేమో అని మొహమాటం. ఎవరూ ఏమీ అనరు. మీ మతమేంటని గుమ్మం దగ్గర అడిగేవాళ్లు ఉండరు, నేను ఇక్కడ చెప్పే చర్చిలకు టికెట్ కూడా లేదు, ఇష్టమైతే విరాళం వేయొచ్చు. (ఎడిన్‌బరా బయట ఉన్న రాస్లిన్ చాపెల్ సంగతి వేరు, దానికి టికెట్ ఉంది, ముందే బుక్ చేసుకోవడం మంచిది.)

1. లిస్టు తగ్గించుకోండి

ఒకే రోజు ఆరేడు చర్చిలు పెట్టుకుంటే మూడోదానికే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎడిన్‌బరాలో సెయింట్ జైల్స్, గ్రేఫ్రయర్స్, గ్లాస్గోలో కథీడ్రల్ (అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి), ఇంకో రోజు ఉంటే స్టర్లింగ్‌లో హోలీ రూడ్ చాలు. ఎడిన్‌బరా నుంచి గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌కి రైల్లో గంటలోపే, స్టర్లింగ్‌కి కూడా దాదాపు అంతే. అబర్డీన్‌లో చదువుకునే పిల్లలు ఉన్నవాళ్లు సెయింట్ మేకర్స్ కలుపుకోండి, అది నిజంగా వేరే రకం.

2. టైమింగ్స్ చూసుకోండి

ఆదివారం పొద్దున ఆరాధన ఉంటుంది కాబట్టి అప్పుడు తిరిగి చూడటం కుదరదు, మధ్యాహ్నం దాకా ఆగాలి. శనివారాల్లో పెళ్లిళ్లు ఉంటే హఠాత్తుగా మూసేస్తారు. చిన్న చర్చిల్లో కొన్ని చలికాలం అంతా సందర్శకులకు తీయరు, హోలీ రూడ్ లాంటివాటికి వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్ చూడటం తప్పనిసరి. మ్యాప్‌ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. జనం తగ్గి ఎన్నో చర్చి భవనాలు అమ్ముడుపోయాయి, బయటినుంచి చూస్తే గోపురంతో సహా చర్చిలాగే ఉంటాయి. గ్లాస్గో వెస్ట్ ఎండ్‌లో ఒరాన్ మోర్ అలాంటిదే, ఒకప్పుడు చర్చి, ఇప్పుడు బార్, రెస్టారెంట్, నాటకాలు వేసే చోటు.

3. ఏ చర్చి ఎవరిదో కొంచెం తెలుసుకోండి

ఇది తెలియకపోతే లోపలికెళ్లాక "ఇంతేనా?" అనిపిస్తుంది. 1560లో స్కాట్లాండ్ రోమన్ కాథలిక్ పద్ధతిని వదిలేసి ప్రొటెస్టెంట్ దారి పట్టింది. విగ్రహాలు పగలగొట్టారు, బలిపీఠాలు తీసేశారు, రంగులు చెరిపేశారు. అందుకే రోమ్‌లోనో గోవాలోనో చూసిన బంగారు తళుకులు ఇక్కడ ఉండవు, రాయి, చెక్క, గాజు, అంతే. మీరు ఎక్కువగా చూసేవి చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్లవి. ఇది ప్రెస్బిటేరియన్ సంఘం, అంటే బిషప్పులు ఉండరు. మరి బిషప్పే లేనప్పుడు సెయింట్ జైల్స్‌ని, గ్లాస్గో చర్చిని కథీడ్రల్ అని ఎందుకంటారంటే, పాత పేరు అలా ఉండిపోయింది, అంతకుమించి ఏమీ లేదు. బిషప్పులున్న స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి వేరు, కాథలిక్కులు వేరు. మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అందరూ కలిసి ఏర్పడింది కాబట్టి, సీఎస్ఐ వాళ్లకి ఇక్కడ ఏ చర్చిలో కూర్చున్నా ఏదో ఒకటి తెలిసినట్టే ఉంటుంది.

4. లోపలికెళ్లాక వీటి కోసం వెతకండి

సెయింట్ జైల్స్‌లోకి వెళ్లేముందే పడమటి తలుపు దగ్గర నేల మీద రాళ్లతో పేర్చిన గుండె ఆకారం కనిపిస్తుంది, జనం దాని మీద ఉమ్ముతుంటారు. ఆశ్చర్యపోకండి, అది పాత జైలు ఉన్న చోటు, ఉమ్మడం ఇక్కడి ఆనవాయితీ. లోపల మూడు కాళ్ల స్టూలు శిల్పం ఒకటి ఉంది, దాన్ని అడిగి మరీ చూడండి. 1637 జూలై 23న, రాజు ఒకటో చార్లెస్ పంపిన కొత్త ప్రార్థనా పుస్తకాన్ని ఇక్కడ చదవడం మొదలుపెట్టగానే, జెన్నీ గెడ్డెస్ అనే బజారులో అమ్ముకునే ఆవిడ తను కూర్చున్న స్టూలు ఎత్తి పాదిరి మీదికి విసిరిందని చెబుతారు. ఆ గొడవ పెద్దదై మరుసటి ఏడాది జాతీయ ఒడంబడికకు (రాజు తెచ్చిన మతమార్పులను ఒప్పుకోమంటూ స్కాట్లాండ్ జనం సంతకాలు పెట్టిన పత్రం), ఆ తర్వాత యుద్ధాలకు దారితీసింది. మూలన ఉండే థిసిల్ చాపెల్ 1911 నాటిది, చెక్కపని చూస్తూ పైకి తల ఎత్తితే బ్యాగ్‌పైప్ ఊదుతున్న దేవదూత ఉంటాడు, పిల్లలకి ఆ దూతని కనిపెట్టే పని పెట్టండి, అరగంట గొడవ చేయరు. బయటికొచ్చాక వెనక కార్ పార్కింగ్‌లో 23వ నంబర్ చోటు చూడండి. మత సంస్కరణ నడిపించిన జాన్ నాక్స్‌ని 1572లో అక్కడెక్కడో పాతిపెట్టారట, ఇప్పుడు పైన కార్లు ఆగుతున్నాయి.

ఆ ఒడంబడిక మీద 1638లో సంతకాలు మొదలైంది అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న గ్రేఫ్రయర్స్‌లో. అక్కడ గుంపంతా బాబీ అనే కుక్క బొమ్మ చుట్టూ ఉంటుంది (ముక్కు రుద్దకండి, అరిగిపోతోందని ఊరివాళ్లు మొత్తుకుంటున్నారు), మీరు మాత్రం సమాధుల తోటలోకి వెళ్లి ఇనప పంజరాలు వేసిన సమాధులు వెతకండి. వైద్య కళాశాలలకు అమ్మడానికి శవాలు ఎత్తుకుపోయే దొంగలుండేవాళ్లు, వాళ్ల భయానికి బిగించిన పంజరాలవి.

గ్లాస్గో కథీడ్రల్ నా లెక్కలో వీటన్నిటికంటే పైన. మెదక్ చర్చిలో మొన తేలిన ఎత్తైన కమానులు చూసి అబ్బురపడ్డవాళ్లకి ఇది ఆ పద్ధతి అసలు కాలానిది: మెదక్ 1924లో పూర్తయింది, ఇక్కడ ఇప్పుడు కనిపించేదాంట్లో ఎక్కువ భాగం 1200లలో కట్టింది. స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలో సంస్కరణ గొడవల్లో కూలిపోకుండా దాదాపు పూర్తిగా మిగిలిన మధ్యయుగపు కథీడ్రల్ ఇదొక్కటే, నగరంలోని చేతిపనివాళ్ల సంఘాలు అడ్డం నిలబడి కాపాడాయని చెప్పుకుంటారు. నేల వాలుగా ఉండటంతో కింద ఇంకో చర్చి కట్టారు, చాలామంది పైన తిరిగి వెళ్లిపోతారు, మీరు మెట్లు దిగండి. స్తంభాల అడవిలాంటి ఆ చోట నగరాన్ని స్థాపించాడని చెప్పే సెయింట్ మంగో సమాధి ఉంది. పక్కనే ఆయన పేరుతో అన్ని మతాలకూ ఒక మ్యూజియం ఉంది, ఉచితం, అందులో మన నటరాజు కంచు విగ్రహం కూడా ఉంది.

స్టర్లింగ్ హోలీ రూడ్‌లో 1567లో పదమూడు నెలల పసివాడికి, అంటే ఆరో జేమ్స్‌కి, పట్టాభిషేకం చేశారు. తర్వాత 1656లో సంఘంలో తగువు వచ్చి చర్చి మధ్యలో గోడ కట్టేసుకున్నారు, దాన్ని 1936లో గానీ తీయలేదు. అబర్డీన్ సెయింట్ మేకర్స్‌లో కప్పు చూడాలి: సుమారు 1520 నాటి చెక్క కప్పు మీద పోపువి, యూరప్ రాజులవి, స్కాట్లాండ్ ప్రభువులవి మొత్తం 48 రాజచిహ్నాలు.

5. వీలైతే ఒక్కసారి ఆరాధనలో కూర్చోండి

భవనం చూడటం ఒకటి, అందులో పాట వినడం ఇంకొకటి. క్రైస్తవులు కాకపోయినా వెళ్లొచ్చు, వెనక వరసలో కూర్చుంటే ఎవరు ఎప్పుడు లేస్తున్నారో చూసి లేవొచ్చు. చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో దాదాపు గంట. 23వ కీర్తనను 'క్రిమండ్' రాగంలో పాడితే మీ అదృష్టం, 'యెహోవా నా కాపరి' అని నేర్చుకున్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు తీసుకోవడం ఇష్టం లేకపోతే ఊరికే కూర్చోండి, ఎపిస్కోపల్ చర్చిలో అయితే ముందుకెళ్లి చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఆశీర్వాదం మాత్రం ఇస్తారు, కాథలిక్ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం కాథలిక్కులకే. మాటలు తక్కువ, సంగీతం ఎక్కువ కావాలంటే ఎడిన్‌బరా వెస్ట్ ఎండ్‌లో మూడు శిఖరాల సెయింట్ మేరీస్‌లో స్కూళ్లు నడిచే రోజుల్లో సాయంత్రం ప్రార్థనకి వెళ్లండి, పిల్లలతో సహా కాయిర్ (గాయక బృందం) పాడుతుంది. అబ్బాయిలకే పరిమితమైన ఆ కథీడ్రల్ కాయిర్లలోకి 1978లో బ్రిటన్‌లోనే మొదటిసారి అమ్మాయిలను తీసుకున్నది వీళ్లే. ఆదివారం ఆరాధన అయ్యాక టీ, బిస్కెట్లు ఉంటాయి. పారిపోకండి, అసలు కబుర్లు అక్కడే.

6. చిన్న చిన్న మర్యాదలు

చెప్పులు విప్పక్కర్లేదు, మన ఊళ్లో అలవాటుతో గుమ్మం దగ్గర విప్పితే వాళ్లే కంగారుపడతారు. ఆడవాళ్లు తలమీద ముసుగు వేసుకోనక్కర్లేదు, మగవాళ్లు టోపీ తీస్తే బాగుంటుంది. ఫొటోలు ఆరాధన లేనప్పుడు, ఫ్లాష్ లేకుండా. ప్రార్థన చేసుకుంటున్నవాళ్ల మొహాలు తీయకండి. విరాళం పెట్టె పక్కన కార్డు ట్యాప్ చేసే మిషన్ చాలాచోట్ల ఉంది. రాతి కట్టడాలు కాబట్టి జూలైలో కూడా లోపల చలే, స్వెట్టర్ బ్యాగులోనే ఉంచుకోండి.

సెప్టెంబర్‌లో వెళ్లేవాళ్లు డోర్స్ ఓపెన్ డేస్ తేదీలు చూసుకోండి, మామూలుగా మూసి ఉండే చర్చిలు చాలా ఆ వారాంతాల్లో ఉచితంగా తీస్తారు, ఒక్కో నగరానికి ఒక్కో వారాంతం.